పురుగు అలవాటు పడలేదురా

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "గులాబీ పురుగు బీటీ పత్తికి అలవాటు పడిపోయిందిరా, ఇంక మనమేం చేస్తాం" అన్నావు కదా, ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు. బస్సు వచ్చేసిందని జవాబు చెప్పకుండానే పెట్టేశాను, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

అలవాటు పడలేదురా. ఏ పురుగూ తన బతుకులో కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. బీటీ పత్తి అంటే పురుగుని చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా చేసిన పత్తి కదా, దాన్ని తిన్నవి తిన్నట్టే చచ్చాయి. కాకపోతే లక్షల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే కాస్త తేడాగా ఉంటాయి, ఆ విషం వాటి పేగుకి పట్టదు. బీటీ లేని రోజుల్లో ఆ తేడాతో వాటికి ఒరిగిందేమీ లేదు. 2002లో బీటీ వచ్చాక మాత్రం పక్కవన్నీ పోయి అవే మిగిలాయి, అవే గుడ్లు పెట్టాయి. నెలకో, నెలన్నరకో ఒక తరం కదా, లెక్క ఎంత త్వరగా మారుతుందో చూడు. 2010 నాటికే గుజరాత్‌లో మొదటి రకం బీటీని తట్టుకునే గులాబీ పురుగు బయటపడింది. రెండు విషాలున్న రెండో రకం బీటీ, బీజీ-2, 2006లోనే వచ్చింది, 2015 కల్లా చాలాచోట్ల దానికీ లొంగడం మానేసింది.

దీపావళి తర్వాత మా చేలో ఒక కాయ కోశాను. పైకి నిగనిగలాడుతోంది, ఎక్కడా కన్నం లేదు. బొటనవేలితో చీలిస్తే దూదంతా గారపట్టి, గింజ తొలిచేసి, మధ్యలో గులాబీ రంగు పురుగు. పిల్లగా ఉన్నప్పుడే లోపలికి దూరుతుంది, కాయ పెరిగేకొద్దీ ఆ కన్నం పూడిపోతుంది. ఇంక పైన ఎన్ని మందులు కొడితే మాత్రం దాన్ని తాకుతాయా?

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకోటి. 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల చిన్న సంచి ఇచ్చేవాళ్లు, గుర్తుందా? మామూలు పత్తి గింజలు, చేను చుట్టూ వేయమని. మా నాన్న ఏటా దాన్ని విప్పకుండా కొట్టం చూరులో దోపేవాడు. ఆయన్ని తప్పుపట్టను, పురుగుని మేపడానికి సాళ్లు వదలమంటే ఏ రైతు వదులుతాడు, ఎందుకో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేనప్పుడు? ఆ తట్టుకునే గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేస్తుంది. మామూలు సాళ్లలో పెరిగిన పురుగులు వీటితో కలిస్తే పిల్లలు బీటీకి చస్తాయి. ఆ సాళ్లు లేకపోతే మిగిలినవి మిగిలినవాటితోనే కలుస్తాయి.

శనగపచ్చ పురుగుకి ఆ సాళ్లు మనం వేయకపోయినా ఉన్నట్టే, అది కంది, శనగ, టమాటా అన్నీ తింటుంది. గులాబీ పురుగుకి దాదాపు పత్తే దిక్కు. అమెరికాలో అరిజోనా రైతులు మామూలు పత్తి సాళ్లు వేశారు, 2006 నుంచి పిల్లలు పుట్టని రెక్కల పురుగుల్ని విమానాలతో చల్లారు కూడా. 2018లో అక్కడి పత్తికి గులాబీ పురుగు పీడ పోయిందని ప్రకటించారు. అదే పురుగురా, శీనూ!

అందుకే అడుగుతున్నా, ఆఖరి ఏరుడు కోసం చేనుని ఫిబ్రవరి దాకా ఉంచకు. ఆ నెలల్లో ఇంకో తరం, రెండు తరాలు పెరుగుతాయి. డిసెంబరు కల్లా తీసేసి కట్టెని చేలోనే దున్నేయ్, గట్టు మీద పోగు పెట్టకు. గుడ్డి పూలు, అదే విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలు, కనిపిస్తే అప్పుడే ఏరి కాల్చు. పక్క చేల వాళ్లకీ చెప్పు, నువ్వొక్కడివే చేస్తే గట్టు దాటి వచ్చేస్తాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ చేను చూస్తాను.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రఘు