విధాన పత్రం స్వీడిష్ అనువాదంలో ‘ప్రగతి’ అర్థం చెడినందుకు ఫిర్యాదు

అనువాద సంస్థ నిర్వాహకులకు,

నమస్కారం. స్టాక్‌హోమ్‌లో వికలాంగుల హక్కుల కోసం పనిచేసే ఒక చిన్న సంఘానికి నేను కార్యదర్శిని. మేము ఇంగ్లీషులో రాసుకున్న 22 పేజీల విధాన పత్రాన్ని స్వీడిష్‌లోకి అనువదించే పనిని హైదరాబాదులోని మీ కార్యాలయానికి అప్పగించాము. మీ ప్రతి గడువులోపే చేరింది, అందులో అక్షరదోషాలు కూడా లేవు. అయినా దాన్ని సభ్యులకు పంపలేకపోయాము. ఇంగ్లీషులో రాసిన రెండు ఉత్తరాలకు మీ నుంచి ‘అభిప్రాయం నమోదు చేశాము’ అన్న జవాబే వచ్చింది కనుకా, ఇక్కడి చిక్కు తెలుగులో చెబితే మీకు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది కనుకా ఈ లేఖను తెలుగులో రాస్తున్నాను.

మా పత్రంలో ‘ప్రోగ్రెస్’ అన్న ప్రతిచోటా మీరు ‘ఉట్‌వెక్లింగ్’ అని పెట్టారు. మడత విప్పడం అన్న భావం నుంచి పుట్టిన ఆ మాట మన ‘వికాసం’ లాంటిదే గానీ, నేటి వాడుకలో అది మంచికీ చెడుకీ సమానంగా చెల్లుతుంది. పరిస్థితి దిగజారినా స్వీడిష్‌లో దాన్ని ‘ప్రతికూల ఉట్‌వెక్లింగ్’ అనే అంటారు. ‘ఫ్రామ్‌స్టేగ్’ అలాంటిది కాదు. ఫ్రామ్ అంటే ముందుకు, స్టేగ్ అంటే అడుగు, అంటే అచ్చంగా మన ‘ముందడుగు’. యూరోపియన్ యూనియన్ ఒప్పందం మూడో అధికరణంలో ఇంగ్లీషు పాఠం సామాజిక ప్రగతి గురించి చెప్పినచోట స్వీడిష్ పాఠం ‘సోసియాలా ఫ్రామ్‌స్టేగ్’ అంటుంది. ఏటా ప్రగతి సాధిస్తామని మేమిచ్చిన మాట మీ చేతిలో, ఏటా ఏదో ఒక మార్పు ఉంటుందన్నంత పలచగా మారిపోయింది.

అన్నిచోట్లా ఫ్రామ్‌స్టేగ్ వాడాలని నేను అనడం లేదు. పని ఎలా సాగుతోందో గమనిస్తూ ఉండాలని చెప్పే వాక్యాల్లో ఉట్‌వెక్లింగే సరైనది, ఎందుకంటే గమనించేవారు వెనకడుగును కూడా గమనించాలి. ఏ మాట ఎక్కడ ఒదుగుతుందో వాక్యం చదివినవారికే తెలుస్తుంది. పదపట్టికలో ఒక మాటకు ఒకే మాటను ముడివేసి పత్రమంతా నింపినట్లు నాకు కనిపిస్తోంది.

ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు ఏడో పేజీలో ఉంది. సమావేశ మందిరాలన్నిటికీ చక్రాల కుర్చీ వెళ్లే దారి ‘ఈవెంచువల్లీ’ ఏర్పడుతుందని, అంటే ఆలస్యమైనా చివరికి తప్పక ఏర్పడుతుందని మేము రాశాము. మీరు దాన్ని ‘ఎవెంతుయెల్ట్’ అన్నారు. స్వీడిష్‌లో దాని అర్థం ‘బహుశా’. ‘సో స్మోనింగొమ్’ అని ఉండవలసిన చోట ఈ మాట పడడంతో, ఏళ్ల తరబడి మెట్ల దగ్గరే ఆగిపోతున్న మా సభ్యులకు దారి వస్తే రావచ్చు, లేకపోతే లేదు అని చెప్పినట్లయింది. అలాగే హక్కులను అంచెలంచెలుగా అమలుచేయడాన్ని ‘ప్రోగ్రెసీవ్’ అన్నారు. ఆ మాట వినగానే ఇక్కడివారికి రాజకీయ ధోరణో, ఆదాయంతో పాటు పెరిగే పన్నురేటో తోస్తుంది. అక్కడ ‘గ్రాద్‌వీస్’ అంటే చాలు.

శైలి గురించి ఒక్క మాట. ప్రభుత్వ వ్యవహారాల భాష శ్రద్ధగా, సరళంగా, అర్థమయ్యేలా ఉండాలని స్వీడన్ 2009 భాషా చట్టం పదకొండో సెక్షన్ చెబుతుంది. మాది ప్రభుత్వ కార్యాలయం కాకపోయినా, మా పత్రాన్ని చదివే మునిసిపాలిటీ అధికారులకు అలవాటైన భాష అది. క్రియలను మింగేసి నామవాచకాలను గొలుసుకట్టిన మీ వాక్యాలు వారికి కొరుకుడు పడవు.

కాబట్టి, మూలాన్ని వాక్యం వాక్యంగా చదివి, స్వీడిష్ మాతృభాషగా గల అనువాదకుల చేత పత్రాన్ని అదనపు రుసుము లేకుండా మళ్లీ రాయించాలని, ‘ప్రోగ్రెస్’ వచ్చిన ప్రతిచోటా ఏ మాట ఎందుకు ఎంచుకున్నారో ఒక పట్టికగా జతచేయాలని కోరుతున్నాను. మార్చిలో మా వార్షిక సమావేశం ఉంది. ఫిబ్రవరి 15లోగా సవరించిన ప్రతి అందకపోతే మేము చెల్లించిన సగం సొమ్మును తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. మిగిలిన సగాన్ని అప్పటివరకు నిలిపి ఉంచుతున్నాము.

ఇట్లు,
భవదీయురాలు,
కార్యదర్శి