‘డిడ్’ పక్కన ‘పెయిడ్’ వద్దు

సంపాదకులకు,

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లల ఇంగ్లిష్‌లో ఒక తప్పు పదేపదే వినబడుతోంది. ‘ఫీజు కట్టలేదట కదా’ అని ఎవరైనా అంటే, ‘కట్టిన గద!’ అని గట్టిగా చెప్పాలి. ఇలా ఒత్తి చెప్పడానికి ఇంగ్లిష్‌లో క్రియ ముందు ‘డూ’, ‘డజ్’, ‘డిడ్’లలో ఒకటి చేరుస్తాం. అక్కడ ‘ఐ డిడ్ పెయిడ్’ అంటున్నారు. ‘ఐ డిడ్ పే’ అనాలి. భూతకాలాన్ని ‘డిడ్’ మోసేసింది కాబట్టి అసలు క్రియ మొదటి రూపంలోనే ఉంటుంది. ‘షీ డజ్ నోస్’ (knows) కూడా ఇలాంటిదే, ‘షీ డజ్ నో’ (know) అనాలి. ‘నో’ చివరి ‘ఎస్’ అప్పటికే ‘డజ్’లో చేరిపోయింది.

వాక్యంలో ఈజ్, కెన్, విల్ వంటివి ముందే ఉంటే ‘డూ’ తేవద్దు, ఉన్నదాన్నే ఒత్తి పలకాలి: ‘హీ ఈజ్ కమింగ్’. చిక్కంతా ‘హ్యావ్’తోనే. ‘ఐ హ్యావ్ అప్లైడ్’లో అది సహాయక క్రియ, దాన్నే ఒత్తాలి. రేషన్ కార్డు ఉందని చెప్పేటప్పుడు అదే ప్రధాన క్రియ, కనుక ‘ఐ డూ హ్యావ్ ఎ రేషన్ కార్డ్’. ఆజ్ఞల్లో, మర్యాదగా బతిమాలేటప్పుడు మాత్రం ‘బీ’ ముందు కూడా ‘డూ’ చెల్లుతుంది: ‘డూ బీ కేర్‌ఫుల్’.

రాతలో సరిగ్గా ఉన్నా, ‘డిడ్’ను మింగేసి ‘పే’ను ఒత్తితే పని కాదు. ఇక ఎవరూ కాదనకముందే ‘ఐ డూ గో టు కాలేజ్ డైలీ’ అనడం మరీ ఎబ్బెట్టు, సంజాయిషీ ఇస్తున్నట్టు ఉంటుంది.

మీ జిల్లా సంచికలో మామూలు వాక్యాన్నీ, ఒత్తి చెప్పే వాక్యాన్నీ జతగా రోజుకొకటి వేయగలరా?

– ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, దేవరకొండ, నల్లగొండ జిల్లా