ఎవరెస్ట్ దారిలో ఒక్క రాత్రి కూడా తగ్గించొద్దు

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులకు ఎవరెస్ట్ బేస్ క్యాంప్ యాత్ర అంటూ వచ్చే ప్రకటనల్లో ధర ఉంటుంది, విమానం ఉంటుంది, భోజనం ఉంటుంది. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాలో మాత్రం కనపడదు. ప్రాణానికి సంబంధించిన లెక్క అదే కాబట్టి, దాన్ని మీ పత్రిక అచ్చువేయాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో రెండో రాత్రి గడపాలి. పర్వత వైద్యులు చెప్పే సూత్రం ఇది. పగలు ఎంత ఎత్తుకు ఎక్కినా తిరిగి కిందికొచ్చి పడుకుంటే ఇబ్బంది తక్కువ. నేపాల్‌లో ఎవరెస్ట్‌కు దారితీసే ఖుంబూ లోయలో మజిలీలు దాదాపు ఈ సూత్రాన్ని బట్టే వేసుకుంటారు. లుక్లా విమానాశ్రయం 2,850 మీటర్ల దగ్గర ఉంటే, మొదటి రాత్రి బస చేసే ఫాక్‌డింగ్ అంతకంటే కిందే, 2,610 మీటర్లలో ఉంది. రెండో రోజు దూధ్‌కోసి నది మీది ఎత్తైన తీగల వంతెన దాటి 600 మీటర్ల నిట్టనిలువు ఎక్కితే నామ్చే బజార్, 3,440 మీటర్లు. ఒక్క రోజులో 830 మీటర్లు పెరిగినట్టు. అందుకే అక్కడ రెండు రాత్రులు. మధ్యలో రోజు గదిలో పడుకోవడానికి కాదు, పైన 3,880 మీటర్ల దాకా నడిచి మళ్లీ దిగడానికి.

నాలుగో రోజు తెంగ్‌బోచె మఠం, 3,860. ఐదో రోజు డింగ్‌బోచె, 4,410. ఇక్కడా రెండు రాత్రులు. ఏడో రోజు లొబుచే, 4,940. ఎనిమిదో రోజు గోరక్ షెప్, 5,164. అక్కడ సామాను దించి 5,364 మీటర్లలోని బేస్ క్యాంప్‌కు వెళ్లి వెనక్కి రావాలి. తొమ్మిదో రోజు తెల్లవారుజామున పక్కనున్న కాలా పత్తర్ కొండ ఎక్కి, అదే రోజు ఫెరిచె దాకా దిగిపోవాలి. ఈ ఎత్తులు ఒక్కో పటంలో ఇరవై ముప్పై మీటర్లు అటూ ఇటుగా ఉండవచ్చు. దిగడానికి ఇంకో రెండు మూడు రోజులు. అంటే లుక్లా నుంచి లుక్లాకు కనీసం పదకొండు, పన్నెండు రోజులు పడుతుంది.

రోజులు కుదించే ప్యాకేజీలో మొదట పోయేది డింగ్‌బోచెలో రెండో రాత్రి. అది పోతే తెంగ్‌బోచె నుంచి లొబుచేకి రెండు రోజుల్లో 1,080 మీటర్లు పెరిగిపోతుంది. బేస్ క్యాంప్ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. దానికి శరీరం అలవాటు పడాలంటే రాత్రులు గడవాలి. అది జిమ్‌లో సాధన చేస్తే వచ్చేది కాదు. దిట్టమైన కుర్రాళ్లు వేగంగా నడవగలరు కాబట్టి త్వరగా పైకి పోయి, ముందుగా జబ్బు పడతారు. పదమూడేళ్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది కదా, బేస్ క్యాంప్‌కు ఇన్ని రోజులెందుకని కొందరంటారు. ఆమె వెనుక భువనగిరి, డార్జిలింగ్‌లలో శిక్షణ ఉంది, కొండ మీద వారాల తరబడి అలవాటు పడిన కాలం ఉంది. ఆ భాగం చెప్పకుండా ఆమె పేరు వాడుకోవడం అన్యాయం.

ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు గుర్తులు చాలామందికి తెలుసు: తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం. తెలియనిది ఏం చేయాలన్నదే. తలనొప్పితో పాటు వీటిలో ఏదైనా తోడైతే ఆ రోజు పైకి వెళ్లకూడదు. ఒక రాత్రి ఆగాలి, తగ్గకపోతే దిగాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు గీత మీద నడిపించి చూడాలి. తూలితే మెదడు వాస్తోందని అర్థం. కూర్చున్నప్పుడూ ఆయాసం తగ్గకపోతే, దగ్గు ఎక్కువవుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఇది కొత్త ఎత్తులో రెండో రాత్రి తరచుగా బయటపడుతుంది. ఈ రెండింటిలోనూ తెల్లారేదాకా ఆగకూడదు. హెలికాప్టర్ కోసం చూస్తూ కూర్చోకూడదు. లొబుచే నుంచి ఫెరిచెకి దిగితే దాదాపు 700 మీటర్లు తగ్గుతుంది, అక్కడ సీజన్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశాల ఉంటుంది. రోగిని ఒంటరిగా మాత్రం పంపకూడదు.

ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ మాత్ర 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలవడానికి ముందు రోజు నుంచి వాడతారు. వేళ్లలో తిమ్మిరి, మాటిమాటికీ మూత్రం దీనివల్లే. సల్ఫా మందులు పడనివారు ముందే డాక్టరుకు చెప్పాలి. ఇది అలవాటు పడటానికి సాయం చేసే మందే తప్ప రోజులు తగ్గించుకోవడానికి లైసెన్సు కాదు. నిద్రమాత్రలు, మద్యం ఊపిరి వేగాన్ని తగ్గిస్తాయి కనుక వద్దు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను ఒక్కదాన్నే నమ్మి నిర్ణయాలు తీసుకోకూడదు: లొబుచేలో రక్తంలో ఆక్సిజన్ 80 శాతం చుట్టుపక్కల కనపడటం మామూలే, చలికి బిగుసుకుపోయిన వేలి మీద ఇంకా తక్కువ చూపిస్తుంది.

తయారీకి మన దగ్గర అలిపిరి మెట్లను మించిన చోటు లేదు. మూడు నెలల ముందు నుంచి, ఏడెనిమిది కిలోల సంచితో 3,550 మెట్లు ఎక్కడమే కాదు, నడిచే దిగాలి. చాలామంది ఎక్కి బస్సులో దిగుతారు. కానీ ఖుంబూలో మోకాళ్లు పట్టేసేది, కాలిగోళ్లు నల్లబడేది దిగేటప్పుడే. బూట్లు అర సైజు పెద్దవి కొని, ఇక్కడే యాభై అరవై కిలోమీటర్లు నడిచి కాళ్లకు అలవాటు చేసుకోవాలి. చెమటకు తడిసి ఆరని నూలు బనియన్లు వద్దు.

లుక్లా విమానంలో సాధారణంగా చేతిసంచితో కలిపి 15 కిలోలే. డింగ్‌బోచె దాటాక నీళ్ల సంచి గొట్టం గడ్డకడుతుంది, సీసాలే మేలు. రాత్రి వాటిని తలకిందులుగా పెడితే మంచు అడుగున కడుతుంది, మూత తెరుచుకుంటుంది. 5,000 మీటర్లలో నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అన్నం పలుకుగా ఉండవచ్చు గానీ ఆ వేడికి క్రిములు చస్తాయి కాబట్టి మరిగిన నీళ్లు తాగవచ్చు. క్లోరిన్ బిళ్ల వేస్తే చల్లటి నీళ్లలో అరగంట చాలదు, ఇంకా ఆగాలి. యాక్‌లు ఎదురైతే కొండవైపు నిలబడాలి, లోయ వైపు ఎప్పుడూ కాదు.

లుక్లా రన్‌వే 527 మీటర్లే. మధ్యాహ్నానికి గాలి, మబ్బు కమ్మితే విమానాలు ఆగిపోతాయి. రద్దీ నెలల్లో అవి కాఠ్‌మాండూ నుంచి కాకుండా నాలుగైదు గంటల దూరంలోని రామెఛాప్ నుంచి నడుస్తాయి, అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి. అందుకే తిరుగు టికెట్‌కు ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. ఆ ఖాళీ లేనివారే విమానం ఆలస్యమైనప్పుడు పైన డింగ్‌బోచె రాత్రిని కోసేస్తారు. బీమా 6,000 మీటర్ల వరకు హెలికాప్టర్ తరలింపుకు వర్తిస్తుందో లేదో పాలసీ తెరిచి చదవాలి. విమానంలో నేపాల్ వెళ్లే 15 నుంచి 65 ఏళ్ల లోపు భారతీయులకు పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ పనికిరాదు.

మీ పర్యాటక పేజీలో ఇలాంటి యాత్ర గురించి రాసినప్పుడల్లా ప్రతి మజిలీ పక్కన రాత్రి బస ఎత్తు ఒక గడిలో వేయండి. ప్రకటనదారులనూ అదే అడగండి. నేరుగా 3,500 మీటర్ల లేహ్‌లో విమానం దిగేవారి కోసమూ ఆ గడి అవసరం: అక్కడ దిగిన మొదటి రెండు రోజులు ఎక్కడికీ ఎక్కకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం