అక్కకు, టొరంటో నుంచి

అక్కా,

ఫోన్‌లో ఈ మాటలు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

పానగల్ పార్కులో నడుస్తుంటే నీ ఎడమ కాలి చెప్పు జారిపోయిందట. వెనకాల వస్తున్న చిన్నోడు దాన్ని చేత్తో పట్టుకొచ్చి "అమ్మా, నీ చెప్పు" అనేదాకా నీకు తెలియనే లేదట. బావ ఇది చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

మొదట చూపించిన చోట కీమో తిమ్మిరే అని పంపేశారు. నీ లుకేమియాకి, అదే రక్త క్యాన్సర్‌కి, ఇచ్చిన కీమో మందు విన్‌క్రిస్టిన్ నరాల మీద పడే మాట నిజమే. కానీ ఆ మందు ఆపి ఏడాది దాటింది, ఈ తిమ్మిరేమో నాలుగు రోజుల్లో పాదాల నుంచి మోకాళ్లదాకా పాకింది. బావ ఊరుకోకుండా నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎంత మంచి పని చేశాడో! వెన్నులోంచి తీసిన నీటిలో ప్రొటీన్ పెరిగింది, కణాలు పెరగలేదు. నరాల పరీక్షలోనూ సంకేతాలు వెళ్లే వేగం తగ్గింది. ఒంటి రక్షణ కణాలే నరాల మీద దాడి చేసే గిలన్ బారే జబ్బు లాంటిదని అప్పుడే తేలింది. కరెంటు తీగకి తొడుగు ఊడినట్టు, నరం మీది పొర దెబ్బతింటోందట.

ఆ పొర మీద పడింది, లుకేమియా తగ్గడానికి నీకు ఎక్కించిన నా మూలకణాల నుంచి పుట్టిన కణాలేనేమో అక్కా. అలా ఇవ్వడానికి తోబుట్టువుల్లో కణజాలం పూర్తిగా కలిసే అవకాశం నాలుగో వంతే. నాది కలిసిందని తెలిసిన రోజు అమ్మ నా తల మీద చెయ్యి వేసి ఏడ్చింది. ఇప్పుడు నీ ఒంట్లో తయారయ్యేది నా రక్తమే. అది నీ నరాలని పరాయివనుకుంటే, నేనే నీకు హాని చేసినట్టు ఉంది. అవే కణాలు లుకేమియా తిరిగి రాకుండా కాపలా కూడా కాస్తాయని డాక్టరు గారు బావతో అన్నారట. ఆ మాట పట్టుకునే ఉన్నాను.

ఐదు రోజులు నీకు ఎక్కిస్తున్న ఐవీఐజీ, అంటే ఆ యాంటీబాడీల మందు, వెయ్యి మందికి పైగా దాతల ప్లాస్మా కలిపి చేస్తారు. ఊరూ పేరూ తెలియని అంతమందికి ఇక్కడి నుంచే దండం పెట్టుకుంటున్నాను.

మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా వెంటనే నర్సుని పిలువు. తెల్లారనీలే అని ఓర్చుకోవడం నీకు అలవాటు, ఇప్పుడు మాత్రం వద్దు. నా కణాలు నీ ఒంటి మీద పడకుండా అణిచే టాక్రోలిమస్ మందుని డాక్టర్లు చెప్పకుండా తగ్గించకు. బలం రావడానికి నెలలు పడుతుందట. పట్టనీ.

ఆదివారం వీడియో కాల్‌లో పాదాలు కూడా చూపించు. బొటనవేలు కదులుతోందేమో చూస్తాను.

నీ తమ్ముడు