డయాలసిస్ వార్డుకూ ఒక కాపీ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకి కారణం నీళ్లా, మట్టా, ఎండలో పనా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఈలోగా జబ్బుతో ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో అడిగేవాళ్లు తక్కువ. మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ మధ్య ఒక ఎమ్మెస్సీ నర్సింగ్ అమ్మాయి తన థీసిస్ కోసం కాగితాలతో వచ్చింది. బతుకు ఎలా సాగుతోందో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 26 ప్రశ్నలట. నిద్ర పడుతోందా, డబ్బు సరిపోతోందా... అన్నిటికీ ఒకటి నుంచి ఐదు లోపు అంకె చెప్పాలి. అమ్మ అంకె చెప్తేనా! డయాలసిస్‌లో ఉన్నవాళ్లు నీళ్లు ఎక్కువ తాగకూడదు కదా, దాహం వేస్తే చిన్న ఐసుముక్క బుగ్గన పెట్టుకుంటానని, నీళ్లు టానిక్ మూతతో కొలుచుకుని తాగుతానని చెప్పింది. ఆ పిల్ల అదంతా మార్జిన్‌లో రాసుకుంది. నన్నడిగితే అసలు సరుకు ఆ మార్జిన్‌లోనే ఉంది.

తర్వాత ఆ థీసిస్ ఏమైందో మాకు తెలీదు. అట్ట వేసుకుని ఏ లైబ్రరీ బీరువాలోనో ఉండి ఉంటుంది. ఇలాంటి పరిశోధనల్లో తేలిన సంగతులు ఒక్క పేజీలో, తెలుగులో, వార్డు గోడకి అంటించాలని నర్సింగ్ కాలేజీలు నియమం పెట్టుకోవాలి. పక్క మంచం ఆయనకి ఐసుముక్క సంగతి మొన్నటిదాకా తెలీదు మరి.

– ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా