యాప్‌కు నా గురించి అన్నీ తెలుసట, నా మీడియం తప్ప

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నాలుగో ఉత్తరం. రెండు ఈమెయిల్‌లో పంపాను. మూడోది సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో నా చేతులతో ఇచ్చాను. ఆ రోజు కుట్టుకూలి పోయింది, రసీదు మిగిలింది.

దూరవిద్యలో 'ఎవరికి తగ్గ పాఠం వారికి' అన్న యాప్ గురించి మీకు చెప్పేంతదాన్ని కాను. నాకు తగినదని అది ఏమిచ్చిందో వినండి చాలు.

తెరిచిన మొదటి రోజే ఇరవై ప్రశ్నలతో పరీక్ష పెట్టింది. అన్నీ ఇంగ్లీషులోనే. ఆ వేళకి నేను అన్నం వారుస్తున్నాను, ఫోన్ మా అబ్బాయి చేతిలో ఉంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే సార్. వాడు గేమ్ అనుకుని ఇరవైకి ఇరవై మొదటి ఆప్షనే నొక్కేశాడు. దాంతో నా స్థాయి తేలిపోయింది. రాజనీతి శాస్త్రం మూడో యూనిట్‌కి తాళం వేసి, 'మీ కోసం ప్రత్యేకం' అంటూ మౌస్ ఎలా పట్టుకోవాలో వీడియో చూపించింది. మా ఇంట్లో కంప్యూటరే లేదు.

పరీక్ష మళ్లీ రాయొచ్చా అని చాట్‌లో తెలుగులో అడిగితే అర్థం కాలేదంది. మా అబ్బాయితో ఇంగ్లీషులో రాయించాను. 'మీ చదువులో మేము మీకు తోడు' అని జవాబు. తోడు సరే సార్, తాళం ఎవరు తీస్తారు? పగలు మిషన్ మీద ఉండగా 'మీరు మూడు రోజులుగా చదవలేదు' అని మోగుతుంది. రాత్రి పదిన్నరకి కూర్చుంటే సర్వర్ పనిచేయదు.

మొదటి ఏడాది పుస్తకాలు పోస్టులో వచ్చాయి. మిషన్ పక్కన పెట్టుకుని, బాబిన్ మార్చే సందులో ఒక పేరా చదివేదాన్ని. పుస్తకం ఎన్నడూ ఓటీపీ అడగలేదు. యాప్ వచ్చిందని ఈ ఏడు వాటిని ఆపేశారు.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ పాఠాల టీవీ ఛానెల్ టీ-శాట్‌లో ఇప్పటికీ తెలుగులో పాఠాలు వస్తున్నాయి, నువ్వెవరని అడగకుండానే చెబుతాయి. చేతనయ్యే పనే కదా మరి! (నా యూనివర్సిటీ పేరు రాయడం లేదు. పరీక్షలు ఇంకా రాయాలి.)

మీకు దండం పెడతాను, ఆ పుస్తకాలు మళ్లీ పంపించండి. యాప్ ఉంచుకోండి, వద్దనను. కానీ పాఠం తెలుగులో ఉండాలి, సిగ్నల్ ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసుకునేలా ఉండాలి, ఫోన్ చేస్తే మనిషి ఎత్తాలి. ముందు మూడో యూనిట్ తాళం తీయించండి. అది తీసేదాకా మిగతావి ఆగినా ఓర్చుకుంటాను. పుస్తకాలు మాత్రం ఆలస్యం చేయకండి.

వచ్చే సోమవారం మళ్లీ ప్రజావాణికి వస్తాను. ఈసారి ఫోన్ కూడా తెస్తాను, మీ వాళ్లే తెరిచి చూడొచ్చు.

ఇట్లు,
బీఏ రెండో సంవత్సరం విద్యార్థిని, తెలుగు మీడియం (మళ్లీ చెబుతున్నాను, తెలుగు మీడియం),
సిరిసిల్ల