మహిళా విభాగం వార్షిక నివేదిక: నెలసరి ఆగాక బీపీ సంగతి

సభ్యులకు నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, వేసవి కుట్టు శిక్షణ ఎలా జరిగాయో మీరంతా చూశారు. ఈ నివేదికను బీపీ పరీక్షల గురించే రాస్తున్నాం.

మొదట్లో చేతికి పట్టీ చుట్టి, అంకె రాసుకుని పంపించేవాళ్లం. ఆ అంకె ఇవాళ్టి సంగతే చెబుతుంది. యాభై దాటిన అక్కలు "నాకు ఎప్పుడూ బీపీ లేదమ్మా" అంటారు. నిజమే కావచ్చు. నెలసరి వస్తున్నంత కాలం ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను రక్తనాళాలను మెత్తగా ఉంచుతుంది. అది తగ్గాక నాళాలు బిగుసుకుంటాయి, తిన్న ఉప్పు ప్రభావం ఎక్కువ పడుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. 55 ఏళ్లకు బీపీ లేనివారిలోనూ పదిమందిలో తొమ్మిది మందికి ఆ తర్వాత వచ్చే అవకాశం ఉందని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 2002లో లెక్కగట్టింది.

అందుకే నోటుపుస్తకంలో కొత్త గడులు గీశాం. అమ్మకో నాన్నకో బీపీ ఉందా? కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా, గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్లు రావడం) వచ్చిందా? నెలసరి ఎన్నో ఏట ఆగింది, దానంతట అదేనా, ఆపరేషన్ వల్లనా?

ఈ చివరి గడి నింపుతుంటే మనసు కలుక్కుమంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముప్పైల్లోనే ఆపరేషన్ అయిన ఒకావిడ, "బీపీ చూపించుకుంటూ ఉండమని ఎవరూ చెప్పలేదు" అన్నారు. అలాంటివారి పేర్ల పక్కన ఎర్ర చుక్క పెట్టి, మూడు నెలలకోసారి మేమే కబురు పంపుతున్నాం.

కొలిచే తీరు మేమూ నేర్చుకోవలసి వచ్చింది. మూడంతస్తులు ఎక్కి వచ్చిన సభ్యురాలికి పై అంకె 152 వచ్చింది. బిగుతు జాకెట్టు చేతిని నొక్కుతోంది. వదులు రవికె వేసుకుని రమ్మని, కాళ్లు నేలకు ఆన్చి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి చూస్తే 136.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను మించకూడదు. ఆవకాయ మానేయమని ఎవరినీ అడగలేదు. వేసుకున్న పూట మజ్జిగలో ఉప్పు వద్దన్నాం, అప్పడం పక్కన పెట్టమన్నాం.

140/90 దాటినవారిని డాక్టరు దగ్గరకు పంపాం. వెళ్లనివారి ఇళ్లకు మళ్లీ వెళుతున్నాం. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ కొనడానికి ఈ సమావేశంలో సభ్యుల ఆమోదం కోరుతున్నాం.